మనం ముట్టుకుంటే శుద్ధి! కంపెనీ విషం పోస్తే అభివృద్ధి!

1927 మార్చి 20. ఇప్పటి మహారాష్ట్రలో మహాడ్ అనే ఊరు. బాబాసాహెబ్ అంబేద్కర్ వేలాదిమంది మనవాళ్ళని వెంటబెట్టుకుని చవదార్ చెరువుకి నడిచాడు. గట్టు దిగి దోసెడు నీళ్ళు తీసుకుని తాగాడు. ఆయన వెనక వచ్చినవాళ్ళూ తాగారు. చేసిన నేరం అంతే. ఆ చెరువులో గొడ్లు తాగుతాయి, కుక్కలు తాగుతాయి. వాటివల్ల ఎవరికీ మైల కాలేదు. మన మనిషి దోసిలి తగిలేసరికి చెరువు మైలపడిపోయింది! తరువాత ఏం చేశారో తెలుసా? 108 కుండల నీళ్ళు తోడి, వాటిలో ఆవుపేడ, ఆవుపంచితం, పాలు, పెరుగు కలిపి, మంత్రాలు చదువుతూ ఆ కుండల్ని మళ్ళీ చెరువులో ముంచారు. చెరువు శుద్ధి అయిందన్నారు. అంతటితో ఊరుకోక కోర్టుకెక్కారు. బాంబే హైకోర్టు 1937లో బాబాసాహెబ్ పక్షాన తీర్పు చెప్పేదాకా పదేళ్ళు కొట్లాడారు.

నేను బళ్ళో సైన్సు చెప్పుకునేవాణ్ణి. ఈ శుద్ధిని కూడా సైన్సు లెక్కలోనే చూస్తాను. చెరువులో లేని మురికిని తియ్యడానికి ఉన్న నీళ్ళలో పేడ కలిపారు! మా ఎనిమిదో తరగతి పిల్లోడు పరీక్షలో ఈ జవాబు రాస్తే సున్నా వేస్తాను. కానీ ఒక్క సంగతి ఒప్పుకోవాలి. మన చెయ్యి తగిలిందంటే శుద్ధికి క్షణం ఆలస్యం చెయ్యలేదు. ఖర్చు ఎక్కువ అనలేదు. కమిటీ వెయ్యలేదు. కుండలు, పాలు, పెరుగు అన్నీ తెచ్చుకున్నారు.

ఇప్పుడు ఇంకో నీళ్ళ కథ చెప్తాను. హైదరాబాదు పక్కన పటాన్‌చెరు. అప్పుడు మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి. అక్కడా, పక్కన బొల్లారంలోనూ మందుల కంపెనీలు వరసగా లేచాయి. మనం జ్వరానికి, విరేచనాలకి మింగే మాత్రల్లోని అసలు సరుకు అక్కడ తయారవుతుంది. తయారుచెయ్యగా మిగిలిన నీళ్ళు ట్యాంకర్లలో ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రానికి పోయేవి. సుమారు తొంభై కంపెనీల నీళ్ళు. అక్కడ 'శుద్ధి' అయ్యాక వాగులో పడేవి. నక్కవాగు అంటారు, అది పోయి మంజీరలో కలుస్తుంది.

2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్, ఆయన తోటివాళ్ళు ఆ 'శుద్ధి అయిన' నీళ్ళు పరీక్షించి లెక్కలు అచ్చువేశారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు ఒక్కటే లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. చదువు రానివాళ్ళకి కూడా తెలిసేలా చెప్తాను. మన ఆర్ఎంపీ డాక్టరు జ్వరానికి ఇచ్చే సిప్రో మాత్ర పెద్దది 500 మిల్లీగ్రాములు. పదహారు లీటర్ల నీళ్ళలో ఒక మాత్ర కరిగి ఉందన్నమాట. పదహారు లీటర్లంటే ఒక బిందె. బిందెకో మాత్ర! రోజు మొత్తం మీద 45 కిలోల మందు వాగులో పోతోందని వాళ్ళు అంచనా కట్టారు. అంటే తొంభై వేల మాత్రలు, ప్రతి రోజూ. అప్పట్లో తొంభై లక్షల జనం ఉన్న స్వీడన్ దేశం మొత్తం అయిదు రోజులు వాడే మందు అక్కడ ఒక్క రోజులో వాగుపాలు. 2009లో వచ్చిన మరో పరిశోధనలో చుట్టుపక్కల ఊళ్ళ బావి నీళ్ళలో కూడా మందులు తేలాయి.

ఈ నీళ్ళు ఎవరి దోసిలి తగిలి మైలపడ్డాయి? పెద్ద పెద్ద కంపెనీల దోసిలి. మరి శుద్ధికి కుండలెవరు తెచ్చారు? 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. పటాన్‌చెరు డాక్టరు కిషన్‌రావు లాంటివాళ్ళు ఏళ్ళకేళ్ళు మొత్తుకున్నారు. ఆ కేసు హైకోర్టుకి పోయి, అక్కణ్ణించి గ్రీన్ ట్రిబ్యునల్‌కి పోయి 2017లో తీర్పు వచ్చింది. ఇరవై ఏడేళ్ళు! మధ్యలో రైతులకి నష్టపరిహారం ఇచ్చారు కదా అంటారు. ఇచ్చారు. ఎకరాల లెక్కన ఇచ్చారు. ఎకరానికింత అని. అన్నలారా, అక్కలారా, ఎకరం లేనోడి సంగతేంది? ఆ పొలంలో నాటు వేసిన ఆడమనిషి కాళ్ళకి ఎకరం లెక్క ఎట్లా కడతారు? బావి నీళ్ళు తాగిన కడుపుకి ఏ పట్టా పాసుపుస్తకం చూపించాలి?

నీళ్ళలో మురికి పోస్తుంటే 'ఇది మేం తాగే నీళ్ళు' అన్నందుకు ఏమవుతుందో మనకి కారంచేడు చెప్పింది. 1985 జులై 16న మాదిగలు తాగే చెరువు కాడ ఊరి ఆసామి కొడుకు గేదెల కుడితి బకెట్టు కడిగి మురికినీళ్ళు వొంపుతుంటే మాదిగ కుర్రాడు అడ్డుచెప్పాడు. కొట్టబోతే ఒక మాదిగ ఆడబిడ్డ బిందె ఎత్తింది. మర్నాడు 17వ తేదీన ఆరుగురు మాదిగల్ని చంపారు. ఆ తరువాతే మన ఉద్యమం లేచింది. అది ఒక బకెట్టు కుడితి. ఇప్పుడు పోసేది ట్యాంకర్లతో. కత్తీ బరిసే లేకుండా, పేపర్ల మీద అనుమతులతో పోస్తారు.

ఈ మాట గురజాల పక్కన ఒక పల్లెలో చెప్తే ఒక పెద్దాయన అడిగాడు. 'అబ్బాయ్ మాస్టారూ, పటాన్‌చెరు ఏడుందో, మనకెందుకు ఆ గోల? మన కాడ మందుల కంపెనీల్లేవుగా' అన్నాడు.

మన కాడ మందుల కంపెనీలు లేవు పెద్దయ్యా, మందు ఉంది.

పత్తి మీద పచ్చపురుగు పడ్డ ఏళ్ళు మీకు గుర్తుండే ఉంటాయి. 1997-98లో రైతులు పురుగుమందే తాగి చచ్చిపోయారు. అప్పుడు నేను చదువుకుంటున్నాను. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనే మొదలు. మా అమ్మ ఆసామి పత్తిచేలో మందుకి నీళ్ళు మోసేది. డ్రమ్ములో నీళ్ళు పోసి మందు వొంపి చేత్తోనే కలిపేది, కర్ర కూడా ఉండేది కాదు. సాయంత్రం తల తిరుగుతోందంటే ఆసామి భార్య మజ్జిగ తాగితే విరుగుద్దని చెంబెత్తి పైనుంచి దోసిట్లో పోసేది. విషం కలిపిన చెయ్యే అది, ఆ దోసిట్లోనే మజ్జిగ. ఎత్తి పొయ్యకపోతే మరి చెంబు మైలపడదూ! ఆ తరువాత డ్రమ్ములు, స్ప్రేయర్లు కాలవలో కడిగేవారు. ఆ కాలవ నీళ్ళే కింద మా పల్లె తాగే కుంటకి పెట్టేది. నేను డిగ్రీలో రసాయనశాస్త్రం మూడేళ్ళు చదివాను. ఆ డ్రమ్ము సంగతి మా పుస్తకంలో ఒక్క పేజీలో లేదు. ఎండోసల్ఫాన్‌ని సుప్రీంకోర్టు 2011లో ఆపించింది. అప్పటికే మా అమ్మ తరం చేతులు దాంట్లో నానిపోయాయి.

ఇప్పుడు పత్తి స్థానంలో మిరప ఎక్కువైంది. మిరపకి కొట్టినంత మందు ఇంక దేనికీ కొట్టరు. డ్రమ్ము పోయి తైవాన్ స్ప్రేయరు వచ్చింది. కడిగేది మాత్రం అదే కాలవలో. 2022 ఏప్రిల్‌లో మనకి పల్నాడు జిల్లా అని కొత్త జిల్లా ఇచ్చారు, నరసరావుపేటలో కలెక్టరాఫీసు పెట్టారు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టిన గడ్డ అని కారంపూడిలో ఏటా ఉత్సవాలు చేస్తారు. చాప ఒక్కటేనంట. నీళ్ళరేవులు మాత్రం చాలా ఊళ్ళలో ఈనాటికీ రెండు. పై రేవు వాళ్ళది, కింది రేవు మనది. ఊళ్ళో కాలవలు, మురుగు ఎటు వొంపుతాయో చూడండి. పల్లం వైపే. పల్లంలో ఎవరుంటారో నేను చెప్పక్కర్లేదు.

సరే, పంచాయితీ నీళ్ళు శుభ్రం చేస్తుంది కదా? ఏం చేస్తుంది? పటిక వేస్తే మడ్డి అడుక్కి దిగుతుంది. ఇసక ఫిల్టరులో చెత్త ఆగుతుంది. బ్లీచింగు పౌడరు వేస్తే కలరా పురుగు, విరేచనాల పురుగు చస్తాయి. ఈ మూడూ మంచివే, మానమని నేనడం లేదు. కానీ నీళ్ళలో కరిగిపోయిన పురుగుమందుని ఈ మూడూ పెద్దగా ఏమీ చెయ్యలేవు. క్లోర్‌పైరిఫాస్ లాంటి మందుకి బ్లీచింగులోని క్లోరిన్ తగిలితే అది ఇంకా ఘాటైన రూపానికి మారుతుంది. నీళ్ళు తేటగా కనపడతాయి. తేటగా ఉన్నాయి కదా అని బిడ్డకి పట్టిస్తాం.

మరి దీన్ని విరగ్గొట్టే మార్గం లేదా? ఉంది. అది తెలియనివ్వకపోవడమే అసలు మోసం. కాస్త ఓపిగ్గా వినండి, ఇందులో అర్థం కానిది ఏమీ లేదు.

ఈ విషాల్ని సేంద్రియ కాలుష్యాలు అంటారు. సేంద్రియం అనగానే మంచిదనుకోమాకండి. బొగ్గులో ఉండే కర్బనం వెన్నెముకగా తయారైన పదార్థాలన్నీ సేంద్రియాలే. పేడా సేంద్రియమే, ఎండోసల్ఫానూ సేంద్రియమే, సిప్రో మాత్రా సేంద్రియమే. పేడని మట్టిలోని సూక్ష్మజీవులు తినేస్తాయి. మామూలు మురుగు శుద్ధి కేంద్రంలో జరిగేది కూడా అదే. గాలి కొట్టి సూక్ష్మజీవుల్ని పెంచి మురుగుని వాటికి మేత పెడతారు. కానీ సిప్రో పుట్టిందే సూక్ష్మజీవుల్ని చంపడానికి. కూలికొచ్చినోడికి అన్నంలో విషం పెట్టి పని చెయ్యమంటే చేస్తాడా? పటాన్‌చెరు కేంద్రంలో జరిగింది ఇదే. పైగా సూక్ష్మజీవులకి మేత చాలదని ఇళ్ళ మురుగు కూడా తెచ్చి కలిపేవారు. మన కడుపుల్లోంచి వచ్చిన సూక్ష్మజీవులు, ఈ మందు, ఒకే తొట్లో. చావగా మిగిలినవి మందుకి లొంగనివిగా తయారవుతాయి. అవి మళ్ళీ మన ఒంట్లోకి వస్తే మాత్ర పనిచెయ్యదు. మందులకి లొంగని సూక్ష్మజీవుల వల్ల 2019 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 12 లక్షల 70 వేలమంది చనిపోయారని లెక్కకట్టారు. డబ్బున్నోడు ఇంకో ఖరీదైన సూది వేయించుకుంటాడు. మనం ఆర్ఎంపీ దగ్గర అదే మాత్ర నాలుగుసార్లు మింగి, అయిదోసారి గుంటూరు పెద్దాసుపత్రికి పోతాం.

సూక్ష్మజీవి తినలేనిదాన్ని విరగ్గొట్టేదాని పేరు హైడ్రాక్సిల్ రాడికల్. పేరుకి భయపడొద్దు. నీటి అణువులోంచి ఒక హైడ్రోజన్‌ని పీకేస్తే మిగిలే ముక్క అది. తెగిపడ్డ ముక్క కాబట్టి ఊరికే ఉండలేదు. సెకనులో పదిలక్షల వంతు కూడా బతకదు. ఆ కాస్తలోనే పక్కన ఏముంటే దాన్ని పట్టి పీకుతుంది. దాని బలాన్ని వోల్టుల్లో కొలిస్తే 2.8. ఓజోనుకి 2.07, మన బ్లీచింగు క్లోరినుకి 1.36. ఇది ఎదురొచ్చిన విషం కులం గోత్రం అడగదు. పురుగుమందైనా, మాత్ర మందైనా, గుడ్డల రంగైనా ముక్కలు ముక్కలు చేస్తుంది. పని పూర్తిగా జరగనిస్తే చివరికి మిగిలేది నీళ్ళు, బొగ్గుపులుసు గాలి, కాసిని ఉప్పులు.

దీన్ని పుట్టించడం పెద్ద బ్రహ్మవిద్య అనుకునేరు. 1894లో ఇంగ్లండులో ఫెంటన్ అనే ఆయన రాసిపెట్టాడు. రెండే వస్తువులు. ఒకటి అన్నభేది. పచ్చారి షాపులో దొరికే ఇనుము ఉప్పు. రెండోది హైడ్రోజన్ పెరాక్సైడ్. పుండు మీద పోస్తే బుసబుస నురగ వస్తుందే, ఆ మందు. ఈ రెండూ పుల్లగా ఉన్న నీళ్ళలో కలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. ఫెంటన్ ఆరోజు విరగ్గొట్టింది టార్టారిక్ ఆమ్లాన్ని. మన చింతపండు పులుపులో ఉండేది అదే. అంటే ఈ విద్యకి నూటముప్ఫై ఏళ్ళు. బాబాసాహెబ్ మూడేళ్ళ పిల్లోడుగా ఉన్నప్పటిది! తరువాత ఓజోనుతో, అతినీలలోహిత దీపాలతో, తెల్లరంగుల్లో వాడే టైటానియం పొడిని ఎండలో పెట్టి కూడా ఇదే రాడికల్‌ని పుట్టించడం నేర్చుకున్నారు. 1987లో వీటన్నిటికీ కలిపి అడ్వాన్స్‌డ్ ఆక్సిడేషన్ అని పేరు పెట్టారు.

ఇది విని ఎవరూ మంచినీళ్ళ బిందెలో పెరాక్సైడు పొయ్యమాకండి. ప్రాణం మీదికొస్తుంది. ఇది ఇంట్లో చేసుకునే పని కాదు. విషం పుట్టించినోడి గేటు లోపల, వాడి ఖర్చుతో, విషం బయటికి రాకముందే జరగాల్సిన పని.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఆరెంజ్ కౌంటీలో 2008 నుంచి ఊరి మురుగునీటిని వడగట్టి, చివర్లో అతినీలలోహిత దీపాలు, పెరాక్సైడుతో ఈ పని చేసి భూమిలోకి ఇంకించి మళ్ళీ మంచినీళ్ళుగా తోడుకుంటున్నారు. స్విట్జర్లాండు 2016 నుంచి చట్టం పెట్టి పెద్ద మురుగు కేంద్రాల్లో మందుల అవశేషాల్ని ఓజోనుతోనో బొగ్గుతోనో తీయిస్తోంది. ఇక మనకి దగ్గరగా ఉండేది స్పెయిన్ దేశంలోని అల్మేరియా. అక్కడ కూరగాయల సాగు, మందుల వాడకం, ఎండ, అన్నీ మన లెక్కే. ఖాళీ పురుగుమందు డబ్బాలు కడిగిన నీళ్ళని గాజు గొట్టాల్లో తిప్పుతూ ఎండ తగలనిచ్చి ఫెంటన్ పద్ధతిలో శుద్ధి చేశారు. ఎండ తగిలితే అదే ఇనుము మళ్ళీ మళ్ళీ పనికొస్తుంది, కొంచెం ఇనుముతో సరిపోతుంది. ఎండ కోసం మనం ఎవర్ని అడుక్కోవాలి? రేడియోలో ఎండ పేరు చెప్తే రెంటచింతల పేరు చెప్పాల్సిందే కదా! ఆ ఎండలో మిరపకాయలు ఏరి వడదెబ్బకి చావడానికి మనం పనికొచ్చాం. ఆ ఎండతో మన నీళ్ళు బాగుచెయ్యాలని ఎవరికీ తోచలేదు.

ఎందుకు తోచదంటే డబ్బు ఎవరు పెట్టాలి అన్నది వస్తుంది కాబట్టి. ఇక్కడే అసలు కథ ఉంది. 2024లో ఐరోపా సమాఖ్య చట్టం చేసింది. పట్టణాల మురుగులో ఈ మందుల అవశేషాల్ని తీసే అదనపు శుద్ధికి అయ్యే ఖర్చులో కనీసం 80 శాతం మందుల కంపెనీలు, సబ్బులూ క్రీముల కంపెనీలు పెట్టుకోవాలని. కంపెనీలు లబోదిబోమని కోర్టుకెక్కాయి. ఎక్కనీ, చట్టమైతే రాసింది. మరి మన దేశం? 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా తెచ్చింది. నూటికి పైగా యాంటీబయాటిక్ మందులకి, కంపెనీ వదిలే నీళ్ళలో ఇంతకి మించి ఉండకూడదని హద్దులు పెట్టింది. మంచిదే అనుకున్నాం. 2021 ఆగస్టులో అసలు ఉత్తర్వు వచ్చేసరికి ఆ హద్దులు మాయం! చిత్తు కాగితంలో ఉన్నవి గట్టి కాగితంలో లేవు. మధ్యలో ఏం జరిగిందో మీరే ఊహించుకోండి.

అప్పుడు మిగిలింది ఏంది? సీవోడీ అనే లెక్క. నీళ్ళలోని మురికి మొత్తాన్ని రసాయనంతో కాల్చడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే అంకె. వాగుల్లో, నదుల్లో వదిలే నీళ్ళకి మామూలుగా పెట్టిన హద్దు లీటరుకి 250 మిల్లీగ్రాములు. ఇది మురికి ఎంతో చెప్తుంది గానీ మురికి ఏందో చెప్పదు. బియ్యం కడిగిన కుడితికీ ఒక సీవోడీ ఉంది, విషానికీ ఒక సీవోడీ ఉంది. ఆ 250 లోపల 31 మిల్లీగ్రాముల సిప్రో దర్జాగా దాక్కుంటుంది. 'మా సీవోడీ హద్దులోనే ఉంది' అని ఆఫీసరు బల్లగుద్దితే చదువుకున్న మన పిల్లోళ్ళు కూడా నోరు మూసుకుని వస్తున్నారు. ఇకముందు అట్లా రావద్దనే ఇదంతా రాస్తున్నాను.

'ఖర్చు ఎక్కువండీ, మాత్ర ధర పెరుగుద్ది, పేదోళ్ళకే కష్టం' అంటారు. ఎంత ప్రేమ! ఆ సరుకులో చాలా భాగం ఓడలెక్కి విదేశాలకి పోతుంది. అక్కడివాళ్ళకి మాత్ర చవగ్గా రావడానికి ఇక్కడ శుద్ధి ఖర్చు మిగల్చాలంట. మిగిల్చిన ఆ డబ్బు ఊరికే మాయమవదు. పల్లెలో ఆసుపత్రి బిల్లుగా, పోయిన కూలిగా, ఈడుకుంటూ వచ్చే రోగంగా అదే డబ్బు మన దగ్గర వసూలవుతుంది.

'ఉద్యోగాలొస్తాయి' అంటారు. వస్తాయి. తెల్లకోటు ఉద్యోగం ఎవరికి, డ్రమ్ములు కడిగే ఉద్యోగం ఎవరికి? కంపెనీ మురుగుతొట్టి అడుగున పేరుకున్న మడ్డి ఎత్తడానికి దిగేది ఎవరు? ఇక్కడ మన పద్ధతి గురించి కూడా నిజం చెప్పాలి. ఫెంటన్ పద్ధతిలో అడుగున ఇనుపమడ్డి మిగులుతుంది. అది ఎత్తడానికి రేపు మళ్ళీ మాదిగ పిల్లోడినే తాడుకట్టి దించుతారు. మురుగుతొట్లలోకి రక్షణ లేకుండా మనిషిని దించకూడదని 2013లో చట్టం వచ్చింది. దిగి చనిపోతే 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. మనం అడగాల్సింది చావుకి 30 లక్షలు కాదు. శుద్ధి యంత్రం ఎంత అవసరమో మడ్డి ఎత్తే యంత్రం అంతే అవసరం. ఒకటి పెట్టి రెండోది పెట్టకపోతే ఆ శుద్ధి కూడా 108 కుండల శుద్ధే.

ఇంకా కొన్ని పట్టింపులున్నాయి, దాచడం నాకిష్టం లేదు. మాచర్ల, బొల్లాపల్లి వైపు బోరునీళ్ళలో ఉండే ఫ్లోరైడుకి ఇది మందు కాదు. ఉప్పునీ తియ్యదు. బురదనీళ్ళలో సరిగ్గా పనిచెయ్యదు, ముందు వడగట్టాలి. కరెంటు, పెరాక్సైడు డబ్బుతో కూడినవి. అందుకని ముందు సూక్ష్మజీవులు తినగలిగింది తిననిచ్చి, మొండి విషాల కోసం దీన్ని వాడాలి. అన్నిటికన్నా ముఖ్యం, పని సగంలో ఆపకూడదు. సగం విరిగిన ముక్క ఒక్కోసారి అసలు విషం కన్నా చెడ్డది. రంగు పోయింది కదా అని కంపెనీవాడు తేటనీళ్ళు గ్లాసులో పోసి చూపిస్తే చప్పట్లు కొట్టమాకండి. లోపల ఇంకా ఏం మిగిలిందని అడగండి.

ఆర్వో ప్లాంటు ఇస్తామంటారు. కంపెనీ పేరు పెద్దక్షరాలతో రాసి, రిబ్బను కత్తిరించి, క్యాను ఇంత అని అమ్ముతారు. తాగే నీళ్ళ వరకు పనికొస్తుంది, కాదనను. కానీ ఆర్వో విషాన్ని చంపదు, పక్కకి నెడుతుంది. నెట్టిన నీళ్ళు మళ్ళీ మురుక్కాలవలోకి, ఆ కాలవ పల్లానికి. క్యాను కొనుక్కోలేని ముసలమ్మ ఆ పల్లంలోనే బోరింగు కొట్టుకుంటుంది.

సంఘాల్లో పనిచేసే తమ్ముళ్ళకి ఒక మాట. ఏదైనా పెద్ద కంపెనీ వస్తోందంటే 2006 పర్యావరణ నోటిఫికేషను ప్రకారం బహిరంగ విచారణ పెట్టాలి. ముప్ఫై రోజుల ముందు పేపర్లో వెయ్యాలి. నివేదిక సారాంశం తెలుగులో ఇవ్వాలి. ఆ రోజు ఊరి ఆసాములు ముందు కుర్చీల్లో కూర్చుని కాంట్రాక్టుల లెక్క మాట్లాడుకుంటారు. మనోళ్ళని బిర్యానీ పొట్లం ఇచ్చి వెనక నిలబెడతారు. ముందుకి రండి. మైకు తీసుకోండి. మీ నీళ్ళలో సూక్ష్మజీవులు తినలేని పదార్థాలు ఏమేం ఉంటాయి, పేరు పేరునా చెప్పమనండి. వాటిని విరగ్గొట్టడానికి ఓజోనా, ఫెంటనా, దీపాలా, ఏం పెడుతున్నారో అడగండి. ఒక్క చుక్క బయటికి వదలం అంటారా? అయితే నీళ్ళు ఆవిరి చేశాక మిగిలే మడ్డి ఏ లారీలో ఏ ఊరికి పోతుందో అడగండి. తెలుగులో అడగండి, జవాబు తెలుగులో రాయించండి. మీరన్నది మినిట్సులో రాశారో లేదో చూసేదాకా లేవద్దు. ఇప్పటికే నడుస్తున్న కంపెనీ అయితే కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి కాగితం, నీళ్ళ పరీక్షల కాగితాలు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి అడగొచ్చు. అనకాపల్లి జిల్లా నక్కపల్లి దగ్గర రాజయ్యపేట మత్స్యకారులు మందుల పార్కు మాకొద్దని 2025లో రోడ్డు మీద కూర్చున్నారు. వాళ్ళది సముద్రం, మనది కాలవ. మాట్లాడుకోవాల్సినవి చాలా ఉన్నాయి.

పల్నాడులో మనం వెంటనే అడగాల్సింది వేరే ఉంది. స్ప్రేయర్లు, డ్రమ్ములు కాలవలో కడగడం ఆగాలి. ప్రతి పెద్ద ఊళ్ళో ఒక కడుగుడు గట్టు కట్టాలి, ఆ నీళ్ళు తొట్టిలో పడాలి, ఎండలో ఫెంటన్ పద్ధతిలో శుద్ధి కావాలి. ఖాళీ డబ్బాలు అమ్మిన కంపెనీయే వెనక్కి తీసుకోవాలి. ఖర్చు కూలోళ్ళ నెత్తినా, చిన్నరైతు నెత్తినా పడకూడదు, మందు అమ్మి లాభం తిన్నవాడే పెట్టుకోవాలి. ఐరోపాలో కంపెనీ పెట్టుకోవాల్సిన ఖర్చు పల్నాడులో ఎందుకు పెట్టుకోదు? మన నీళ్ళు అంత చవకా?

మా సంఘం కుర్రాళ్ళు ఈ మిరప కాపులో ఆదివారం ఆదివారం కాలవ గట్టున నడుస్తున్నారు. పడేసిన మందు డబ్బాల్ని చేత్తో ముట్టుకోకుండా, పేరు, కంపెనీ, దొరికిన చోటు, దానికి మంచినీళ్ళ కుంట ఎన్ని గజాల దూరమో ఒక రెండొందల పేజీల నోటుబుక్కులో రాస్తున్నారు. కలెక్టరాఫీసులో సోమవారం అర్జీలు తీసుకునే రోజు ఆ పుస్తకం బల్ల మీద పెడతాం. మీ పల్లెలో కూడా ఒక నోటుబుక్కు మొదలుపెట్టండి. నిండగానే ఒక జిరాక్సు తీసి పత్రికకి పంపండి, అసలు పుస్తకం మాత్రం ఎవరికీ ఇవ్వమాకండి.